కర్ర లోడు వెళ్లే డొంకకు ప్రభుత్వ నిధులు: గ్రామసభ నుంచి ఎం-బుక్ దాకా

సుబాబుల్, జామాయిల్, సరుగుడు వేసిన ఊళ్ల నుంచి ఒకే ప్రశ్న పదే పదే వస్తోంది. "తోట కోతకొచ్చింది, లారీ లోపలికి రానంటోంది. పొలాల్లోకి వెళ్లే డొంక బాట బాగు చేయించాలంటే ఎవరిని అడగాలి, ఏ పథకంలో అడగాలి?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తే ఎవరికీ సరిపోవడం లేదు కాబట్టి మొత్తం వరసగా రాస్తున్నాను.

కర్ర ధర ఎప్పుడూ కాగితం మిల్లు గేటు దగ్గరి లెక్క. కొట్టుడు కూలి, తొక్క తీసే ఖర్చు, ఎత్తుడు కూలి, కిరాయి పోగా మిగిలిందే రైతుది. లారీ తోట గట్టు దాకా వస్తే కర్రను ఒక్కసారి ఎత్తితే చాలు. రాకపోతే ట్రాక్టరుకు ఎత్తాలి, తారు రోడ్డు పక్కన దించాలి, మళ్లీ లారీకి ఎత్తాలి. గుంతల బాట ఖర్చు మిల్లుకూ పడదు, లారీకీ పడదు. టన్నుకు ఇంత అని రైతు డబ్బులోంచే పోతుంది.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. "కర్ర రోడ్డు" అనే పేరుతో పద్దు ఉండదు, అలా రాసిన అర్జీ టేబుల్ మీదే ఆగిపోతుంది. డబ్బు వేరే పేర్ల కింద ఉంది. బాట అందరిదని చూపించడం, పనిని సరైన పేరుతో అడగడం, సరైన నెలలో అడగడం అనే మూడింటి మీదే ఫైలు నిలబడుతుంది.

## 1. ముందు బాట ఎవరిదో తేల్చండి

చాలా ఊళ్లలో అర్జీతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది నక్షాతో. పట్టా భూమిలో ప్రభుత్వ డబ్బు పెట్టరు. మంజూరయ్యాక ఒక్కరు "ఇది నా చేను" అని అడ్డం నిలబడితే పని ఆగుతుంది, నిధులు వేరే ఊరికి పోతాయి.

గ్రామ నక్షా, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (చేను హద్దుల కొలతల పటం) కాపీ తీసుకోండి. తెలంగాణలో అయితే దాని బదులు టిప్పన్ అడగండి. మీ బాట ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అవుతుంది.

రికార్డులో డొంక, పుంత, బండ్ల బాట. ఇదే సులువైనది. వెడల్పు ఎంతో రాసుకోండి. ఎఫ్‌ఎంబీలో కొలత లింకుల్లో ఉంటుంది, ఒక లింకు సుమారు 20 సెంటీమీటర్లు. 33 లింకులంటే దాదాపు 22 అడుగులు.

తరతరాలుగా నడుస్తున్నా రికార్డులో పట్టా. పట్టాదారులు పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేస్తే మంచిది. "రోడ్డేసుకోండి, అభ్యంతరం లేదు" అన్న తెల్ల కాగితం వాళ్లున్నంత వరకే పనికొస్తుంది. రేపు వారసులు దాన్ని ఒప్పుకోకపోవచ్చు.

చెరువు కట్ట, కాలువ గట్టు, వాగు పోరంబోకు. జల వనరుల శాఖ నుంచి అభ్యంతరం లేదని లేఖ కావాలి. నెలలు పడుతుంది కాబట్టి దీనికి అన్నిటికన్నా ముందు దరఖాస్తు పెట్టండి.

అడవి మధ్యలోంచి వెళ్లే బాట. భద్రాచలం, పాడేరు వైపు వాళ్లకు ఇది ముఖ్యం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం ప్రభుత్వం వేసే రోడ్డుకు ఒక్కో పనికి 1 హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు తప్పనిసరి. 5 మీటర్ల వెడల్పు రోడ్డయితే 1 హెక్టారులో 2 కిలోమీటర్లు వస్తుంది. చాలా బాటలు ఇందులో పట్టేస్తాయి, అయినా "అడవి కదా, కుదరదు" అని వదిలేస్తున్నారు.

మా ఊరి సంగతి చెప్తాను. డొంక కాగితం మీద 33 లింకులు, నేల మీద 11 అడుగులు. రెండు వైపులా సుబాబుల్ సాళ్లు ముందుకు జరిగాయి. సర్వేయరు గొలుసు పట్టుకుని ఒక మూల నుంచి కొలిచి, ఓ మొద్దు దగ్గర ఆగి "ఇక్కడ రాయి ఉండాలే" అన్నారు. పలుగుతో వేళ్లు కోసి తవ్వితే రెండడుగుల లోతున హద్దు రాయి బయటపడింది, దాని చుట్టూ వేరు పాములా చుట్టుకుని ఉంది. ఆ రాయి చూశాక ఎవరూ నోరెత్తలేదు.

ఆక్రమణ ఉంటే ముందే నోటీసులు వద్దు. "ఈ కోత అయ్యాక ఆ సాలు వదిలేస్తాను" అని ఒప్పించడం తేలిక. నిలబడి ఉన్న తోటను ఇప్పుడే కొట్టమంటే ఎవరైనా కోర్టుకెళ్తారు.

సిద్ధం చేసుకోవాల్సినవి:
- గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ లేదా టిప్పన్ కాపీ
- సర్వేయరు కొలతల రిపోర్టు, హద్దు రాళ్ల ఫొటోలు
- అవసరమైతే గిఫ్ట్ డీడ్లు, శాఖల అనుమతి లేఖలు
- బాట పొడవు, మొదలు, చివర సర్వే నంబర్లు

## 2. లోడ్ల లెక్క ఒక పేజీలో రాయండి

"చాలా ఇబ్బందిగా ఉంది" అనే మాటతో ఏ ఇంజినీరూ అంచనా వేయలేడు. అంకెలు కావాలి.

ఉదాహరణకు డొంక మీద ఆధారపడ్డ తోటలు 120 ఎకరాలు, నాలుగేళ్లకోసారి కోత, ఎకరాకు 30 టన్నులు అనుకుందాం. ఏడాదికి 30 ఎకరాలు కోతకొస్తాయి, అంటే 900 టన్నులు. ట్రాక్టరుకు 5 టన్నుల చొప్పున 180 ట్రిప్పులు. మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. దిగుబడి కోసం వేబ్రిడ్జి చీటీలు చూడండి, నోటి లెక్క వద్దు.

దీనికి పక్కనే ఆ బాట మీద వచ్చే మిరప, పత్తి, వరి కూడా రాయండి. ఇది చాలామంది మర్చిపోతారు. ఒక్కో తోట నాలుగేళ్లకోసారి కోస్తారు కాబట్టి "నాలుగేళ్లకోసారి వాడే బాటకు ఖర్చెందుకు?" అని కచ్చితంగా అడుగుతారు. ఊరంతటి లెక్క, అన్ని పంటల లెక్క చూపిస్తే ఆ ప్రశ్న అక్కడే తేలిపోతుంది.

వానాకాలంలో బాట ఎన్ని రోజులు మూసుకుపోయిందో తేదీలతో రాయండి. దిగబడ్డ ట్రాక్టరు ఫొటో, బాట మీద నీళ్లు నిలిచిన ఫొటో ఆ రోజే తీసి పెట్టుకోండి. ఎండాకాలంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారొస్తే ఆయనకు దుమ్ము తప్ప ఏమీ కనపడదు.

## 3. ఏ నిధి ఏ పనికి పనికొస్తుంది

ఉపాధి హామీ. పొలాల బాటలకు మొదట చూడాల్సింది ఇదే. 2005 చట్టం మొదటి షెడ్యూల్లో గుర్తించిన గ్రామీణ ఉత్పత్తి కేంద్రాలను పక్కా రోడ్లతో కలిపే పని ఉంది.  2025 డిసెంబరులో దీని స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అందులోనూ గ్రామీణ మౌలిక వసతులు, జీవనోపాధికి సంబంధించిన వసతులు అనే విభాగాలున్నాయి. మీ మండలంలో ప్రస్తుతం ఏ మార్గదర్శకాల మీద పనులు తీసుకుంటున్నారో అక్కడ ఉపాధి హామీ చూసే అధికారి ఏపీఓను అడిగి, ఆ విభాగం పేరే అర్జీలో రాయండి.

పాత చట్టంలో కూలి వాటా కనీసం 60 శాతం, మెటీరియల్ 40 శాతానికి మించకూడదు. గ్రావెల్ రోడ్డుకు ఎక్కువ ఖర్చు మెటీరియల్ మీదే. అంటే ఊళ్లో చెరువు పూడికతీత, పంట కాలువల పనుల్లాంటివి బాగా జరిగి కూలి రోజులు పెరిగితేనే రోడ్డుకు మెటీరియల్ డబ్బు పుడుతుంది. కూలి పనులకు ఎవరూ వెళ్లని ఊరికి రోడ్డు ఎందుకు రాలేదంటే సగం జవాబు ఇదే.

ఆర్థిక సంఘం నిధులు. నేరుగా పంచాయతీకి వస్తాయి. 15వ ఆర్థిక సంఘం కాలంలో 60 శాతం మంచినీళ్లు, పారిశుధ్యానికే వాడాల్సి ఉండేది, మిగతా 40 శాతం ఊరి అవసరానికి వాడుకునేవాళ్లు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. రోడ్డంతా వేయడానికి ఈ డబ్బు చాలదు, ఒకటి రెండు తూములకు సరిపోతుంది. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఈ నిధులు ఆగిపోతాయని గుర్తుపెట్టుకోండి.

మార్కెట్ కమిటీ లింకు రోడ్లు. పంట మార్కెట్‌కు చేరే బాటలకు వ్యవసాయ మార్కెట్ కమిటీ నిధులు వాడతారు. మీ కర్రకు మార్కెట్ సెస్సు కట్టిన రశీదులుంటే జత చేయండి. అడిగే హక్కు గట్టిపడుతుంది.

ఎంపీ నిధులు. ఏడాదికి ఒక్కో ఎంపీకి 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. కల్వర్టు, చిన్న వంతెనలాంటి ఒకే చోటి పనికి అడగండి. మూడు కిలోమీటర్ల గ్రావెల్‌కు అడిగితే జాబితాలో కిందికి పోతుంది.

గనుల ప్రాంతమైతే జిల్లా ఖనిజ నిధి. కొత్తగూడెంలాంటి చోట్ల ఇది పెద్ద డబ్బు. గని ప్రభావిత గ్రామాల జాబితాలో మీ ఊరుందో లేదో ముందు చూడండి.

నాబార్డ్ ఆర్‌ఐడీఎఫ్ (గ్రామీణ మౌలిక వసతుల అభివృద్ధి నిధి). 1995-96 నుంచి ఉన్న నిధి ఇది. రాష్ట్ర ప్రభుత్వానికి అప్పుగా ఇస్తారు, ఊరు నేరుగా అడగలేదు. వాగు మీద వంతెన కావాలంటే పంచాయతీరాజ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ద్వారా ప్రతిపాదన పంపించాలి.

ఇక ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. ఇది ఊళ్లను కలిపే రోడ్లకు, పొలాల డొంకలకు కాదు. కానీ డొంక దాటాక మీ లారీ ఎక్కే తారు రోడ్డు ఆ పథకంలో వేసిందేమో బోర్డు చూడండి. పూర్తయిన తేదీ నుంచి ఐదేళ్లు నిర్వహణ బాధ్యత వేసిన కాంట్రాక్టరుదే. ఆ గడువు లోపలైతే గుంతలు పూడ్చమని రాతపూర్వకంగా అడగండి, కొత్త నిధులు అక్కర్లేదు.

ఒకే పథకంతో అంతా అయిపోవాలని కూర్చోకండి. మట్టి పని, గ్రావెల్ ఉపాధి హామీలో, తూములు ఆర్థిక సంఘం డబ్బులో, కల్వర్టు ఎంపీ నిధుల్లో. నేను చూసినంతలో పూర్తయిన బాటలన్నీ ఇలా అతుకులేసుకుని పూర్తయినవే.

## 4. గ్రామసభ తీర్మానం

మరుసటి ఏడాది గ్రామ ప్రణాళిక సాధారణంగా అక్టోబరు 2 నుంచి జనవరి 31 మధ్య తయారవుతుంది. అందులో లేని పనికి తర్వాత డబ్బు అడగడం చాలా కష్టం. ఏప్రిల్‌లో అర్జీ పట్టుకుని తిరిగేవాళ్లు ఏడాది ఆలస్యంగా వచ్చినట్టే.

తీర్మానం ఇలా ఉండాలి:

"సర్వే నెం. … నుంచి … వరకు గ్రామ రికార్డులో డొంకగా ఉన్న … కి.మీ. బాట ద్వారా … మంది రైతుల … ఎకరాల పంట, కర్ర తారు రోడ్డుకు చేరుతోంది. వానాకాలంలో … రోజులు రాకపోకలు ఆగుతున్నాయి. ఈ బాటను అన్ని కాలాల్లో నడిచే గ్రావెల్ రోడ్డుగా, … చోట్ల తూములతో సహా అభివృద్ధి చేయాలని, వచ్చే ఏడాది ప్రణాళికలో చేర్చాలని సభ తీర్మానించింది."

మిల్లు పేరు, వ్యాపారి పేరు తీర్మానంలో రాయకండి. ఒకరి లాభానికి వేసే రోడ్డులా కనిపిస్తే ఆడిట్‌లో ఇరుక్కుంటుంది. ఎస్సీ, ఎస్టీ రైతుల పొలాలుంటే వాళ్ల సంఖ్య విడిగా రాయండి. కొన్ని పద్దులు వాళ్లకోసమే ఉన్నాయి.

తీర్మానం రిజిస్టర్‌లో ఎక్కిందా, సంతకాలు పడ్డాయా అన్నది ఆ రోజే చూసుకుని కాపీ తీసుకోండి. పని ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కిందో లేదో రెండు వారాల తర్వాత ఎవరైనా ఫోన్లోనే చూసుకోవచ్చు.

## 5. అంచనా వేసే రోజు మీరు బాట మీదే ఉండండి

ఇంజినీరింగ్ అసిస్టెంటో, టెక్నికల్ అసిస్టెంటో, ఏఈ గారో వచ్చిన రోజు ఊళ్లో పెద్దవాళ్లను ఇద్దరిని వెంట తీసుకెళ్లండి. నీళ్లు ఎక్కడ దాటుతాయో వాళ్లకే తెలుసు.

నీళ్లు. గ్రావెల్ రోడ్డును చెడగొట్టేది లారీకన్నా ముందు నీళ్లు. నీరు దాటే ప్రతి చోటా తూము అంచనాలో ఉండాలి. 600 మిల్లీమీటర్లకన్నా చిన్న పైపు వద్దు, పూడిక తీయలేరు. పైపు మీద కనీసం 60 సెంటీమీటర్ల మట్టి కప్పు ఉండాలి. మా దగ్గర ఓ తూముకు జానెడు మట్టే కప్పారు. మొదటి లోడు లారీ వెనక చక్రం ఎక్కగానే పైపు గుడ్డులా పగిలింది. లారీ పక్కకు ఒరిగి, కర్రంతా దించి మళ్లీ ఎత్తేసరికి రెండు రోజులు పట్టింది.

నేల. నల్లరేగడి మీద నేరుగా గ్రావెల్ పోస్తే ఒక్క వానకు నేలలో కలిసిపోతుంది. కింద మొరం పొరో, ఇసుక పొరో అంచనాలో రాయించండి.

బరువు. రెండు ఇరుసుల లారీకి చట్ట ప్రకారం మొత్తం బరువు 18.5 టన్నులు, వెనక ఇరుసు మీద 11.5 టన్నుల దాకా పడుతుంది. "ట్రాక్టర్లు తిరుగుతాయి" అని మాత్రమే చెప్తే పల్చటి గ్రావెల్‌తో సరిపెడతారు. లారీ వస్తుందని స్పష్టంగా చెప్పండి.

ఆకారం. 3.75 మీటర్ల వెడల్పు రోడ్డులో మధ్య భాగం అంచులకన్నా 7 సెంటీమీటర్లు ఎత్తుండాలి. రెండు వైపులా కాలువ, దానికి నీళ్లు పోయే దారి. కాలువ తవ్వి చివర మూసేస్తే రోడ్డు పక్కన చెరువు తయారవుతుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు: లారీ తిప్పుకునే జాగా ఎక్కడో ఒకచోట చూపించండి, బాట మీద వేలాడే కరెంటు తీగలు రాసుకోండి. కర్ర లోడు ఎత్తుగా ఉంటుంది, తీగలు సరిచేయించకుండా రోడ్డేసి ప్రాణాల మీదకు తెచ్చుకోవద్దు.

## 6. ఫైలు వెంట ఎలా నడవాలి

అంచనా అయ్యాక సాంకేతిక మంజూరు, పరిపాలనా అనుమతి, ఆ తర్వాత పని నంబరు. ప్రతి మెట్టు దగ్గరా తేదీ, ఫైలు నంబరు ఒక నోటుబుక్‌లో రాసుకోండి. ఇద్దరినే తిరగనివ్వండి, ఊరంతా వెళ్తే ఎవరు ఏం అడిగారో ఎవరికీ గుర్తుండదు.

కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడగకండి. "ఫలానా తేదీన ఇచ్చిన తీర్మానం మీద తీసుకున్న చర్య, ఫైలు నోట్ కాపీ ఇవ్వగలరు" అని అడగండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

## 7. పని జరిగేటప్పుడు

పనికి మంచి కాలం ఫిబ్రవరి నుంచి మే. కొత్త చట్టంలో వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే రోజుల్లో ఏడాదికి 60 రోజుల దాకా ఉపాధి పనులు ఆపే వీలుంది, అది కూడా చూసుకుని ప్లాన్ చేసుకోండి.

రోజూ చూడాల్సినవి:
- ముందు తూములు, తర్వాత మట్టి, ఆ తర్వాత గ్రావెల్. వరస మారనివ్వకండి
- గ్రావెల్ ఒకేసారి గుట్టగా కాదు, పొరలుగా. ప్రతి పొరకూ నీళ్లు, రోలరు
- పొడి గ్రావెల్ మీద రోలరు నడిపితే అణగదు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి బురద అంటకూడదు
- పని ముందు, మధ్యలో, తర్వాత ఒకే చోట నిలబడి ఫొటోలు
- ఎం-బుక్‌లో (ఇంజినీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో) రాసిన పొడవు, వెడల్పు, మందం టేపుతో సరిచూడటం

ఉపాధి హామీలో కాంట్రాక్టరు ఉండకూడదు. మనుషులు చేయగల పనికి యంత్రం పెట్టకూడదు, అణచడానికి రోలరు వాడొచ్చు. "రాత్రి జేసీబీతో లాగించేద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. సామాజిక తనిఖీలో బయటపడితే రికవరీ పడుతుంది, అంటే డబ్బు తిరిగి వసూలు చేస్తారు, ఊరికి తర్వాతి పనులు కూడా చిక్కుల్లో పడతాయి.

## 8. ఫైలు వెనక్కొస్తే

"ఇది పునరావృత పని" అని వస్తే: గతంలో అదే బాట మీద మట్టి పని చూపించి ఉంటారు. పాత పని నంబరు అడిగి తీసుకుని, ఇప్పుడు అడుగుతున్నది తూములు, గ్రావెల్‌తో కూడిన శాశ్వత ఆస్తి అని తేడా రాసి పంపండి.

"మెటీరియల్ వాటా మించింది" అంటే: రోడ్డును ముక్కలు చేయండి. మొదటి ఏడాది అత్యంత చెడ్డ 800 మీటర్లు, తూములు. మిగతాది తర్వాత.

"భూమి వివాదం ఉంది" అంటే: ఏ సర్వే నంబరులో, ఎవరి అభ్యంతరమో రాతలో అడగండి. సర్వేయరు రిపోర్టు ఉంటే సగం అక్కడే తేలుతుంది.

"నిధులు లేవు" అంటే: అంచనా కాపీ తీసుకుని అదే కాగితంతో మార్కెట్ కమిటీకీ, ఎంపీకీ వెళ్లండి. తయారైన అంచనా ఉన్న ఊరిదే ముందు వరస. ఆర్థిక సంవత్సరం చివర్లో మిగిలిన డబ్బు ఇలాంటి ఊళ్లకే వస్తుంది.

మిల్లుల సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు అడగొచ్చా అని కొందరు అడుగుతున్నారు. గ్రామీణాభివృద్ధి కింద అడగొచ్చు. అయితే కంపెనీ తన మామూలు వ్యాపారం కోసం చేసుకునే ఖర్చు సీఎస్ఆర్‌లోకి రాదు. కాబట్టి ఊరందరి రోడ్డుగా, పంచాయతీ ద్వారా అడగండి.

## 9. లారీలు తిరగడం మొదలయ్యాక

రోడ్డు వచ్చిన మొదటి ఏడాదే కట్టుబాటు చేసుకోండి. ఇరుసు మీద బరువు 20 శాతం పెరిగితే రోడ్డుకు నష్టం దాదాపు రెండింతలవుతుంది. లోడెత్తే ముఠాకు, లారీ యజమానికి ఈ మాట ముందే చెప్పాలి. మీ తోట కర్ర ఒక్క ట్రిప్పు తగ్గించుకుందామని అధిక లోడు వేయిస్తే పక్క రైతు కోతకు బాట మిగలదు.

గట్టి వాన పడ్డాక రెండు రోజులు లారీలు ఆపండి. తడి గ్రావెల్ మీద ఒక్క లోడు చేసే గాడి పూడ్చడానికి రెండు ట్రాక్టర్ల మొరం కావాలి. కోత కోసిన ప్రతి రైతూ లోడుకు ఇంత అని పంచాయతీలో కట్టి రశీదు తీసుకునే పద్ధతి పెడితే ఆ మొరం ఖర్చు అందులోంచే వస్తుంది.

ఇక ఏటా మే నెలాఖరులో ఒక్క పూట: తూముల్లో పూడిక తీయాలి, పక్క కాలువల్లో పడ్డ కొమ్మలు, తొక్క ఎత్తేయాలి. సుబాబుల్ తొక్క పైపు నోటికి అడ్డంపడితే తొలకరి వానకే నీళ్లు రోడ్డు మీదుగా దాటుతాయి.